చెన్నపట్టణం విక్టోరియా పబ్లిక్ హాలు: నిర్మాణ చరిత్ర, తెలుగు నాటకరంగంతో అనుబంధం

ప్రవేశిక

తెలుగు నాటక చరిత్ర రచనలో కర్త, కృతి, సమాజం, నటుడు అనే నాలుగు అంశాలు ప్రధాన ప్రమాణాలుగా స్థిరపడ్డాయి. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘ఆంధ్ర నాటకరంగ చరిత్ర’, పి.యస్.ఆర్. అప్పారావు ‘తెలుగు నాటక వికాసము’ ఈ ప్రమాణాల ఆధారంగానే విస్తారమైన సమాచారాన్ని క్రోడీకరించి తరువాతి పరిశోధనలకు పునాది వేశాయి. ఏ నాటకం ఎవరు రాశారు, ఏ సమాజం ప్రదర్శించింది, ఏ పాత్రను ఎవరు ధరించారు అన్న ప్రశ్నలకు వీటిలో సమాధానాలు లభిస్తాయి. ఆ నాటకాన్ని ప్రేక్షకులు ఎక్కడ కూర్చుని చూశారు, ఆ చోటు ఎవరిది, దాని నిర్మాణం ప్రదర్శన స్వభావాన్ని ఎలా ప్రభావితం చేసింది అన్న ప్రశ్నలు మాత్రం ప్రత్యేక పరిశీలనాంశాలుగా ఎదగలేదు.

భారతీయ నాట్య సిద్ధాంతం ఈ ప్రశ్నలను ఉపేక్షించలేదు. భరతుని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో తొలి ప్రదర్శనకు విఘ్నాలు ఎదురైనప్పుడు బ్రహ్మ ఆదేశంపై విశ్వకర్మ నాట్యగృహాన్ని నిర్మిస్తాడు. రెండో అధ్యాయం పూర్తిగా నాట్యమండప లక్షణాలకే కేటాయించబడింది. వికృష్టం, చతురస్రం, త్ర్యస్రం అనే మూడు ఆకృతులను చెప్పిన భరతుడు, మండపం మితిమీరి పెద్దదైతే పాఠ్యం వినబడదనీ, ముఖరాగాలు స్పష్టంగా కనబడవనీ హెచ్చరించాడు. రసనిష్పత్తికి గోడల మధ్య దూరం కూడా ఒక కారణమేనన్న అవగాహన ఇందులో ఉంది.

ఈ దృష్టితో పరిశీలించదగిన భవనాల్లో చెన్నపట్టణంలోని విక్టోరియా పబ్లిక్ హాలు ముఖ్యమైనది. అది పురపాలక సంఘ స్థలంలో ప్రజల చందాలతో వెలసిన పురమందిరం. తెలుగు నాటకం కోసం కట్టినది కాదు. ఆ మాటకొస్తే కేవలం నాటకం కోసమే కట్టినదీ కాదు. అయినా దాని శంకుస్థాపనలోనూ, నిర్మాణంలోనూ, వేదిక మీదా తెలుగువారి పాత్ర ఉంది. ఆ భవన నిర్మాణ చరిత్రను, వాస్తు స్వరూపాన్ని పరిశీలించి, ఆధునిక తెలుగు నాటక వికాసంలో దాని స్థానాన్ని నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

నిర్మాణ నేపథ్యం

పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధం నాటికి చెన్నపట్టణం ఉన్నత న్యాయస్థానం, విశ్వవిద్యాలయం, ముద్రణాలయాలు, పత్రికలు గల రాజధాని నగరం. సభలకు మాత్రం నగర ప్రజలందరిదీ అనదగిన పెద్ద మందిరం లేదు. కళాశాలల సభాభవనాలు, ధనికుల తోట బంగళాలు ఆ కొరతను పాక్షికంగా తీర్చేవి. 1882 మార్చిలో పచ్చయప్ప హాలులో సమావేశమైన నగర ప్రముఖులు పురమందిర నిర్మాణానికి పూనుకుని ఒక సంఘాన్ని ఏర్పాటు చేశారు. తిరువాన్కూరు, మైసూరు, పుదుక్కోట సంస్థానాధీశులతో పాటు పలువురు జమీందారులు, వర్తకులు చందాలిచ్చారు.

1883 డిసెంబరు 17న ఈ భవనానికి శంకుస్థాపన చేసినవారు విజయనగర సంస్థానాధీశుడు పూసపాటి ఆనంద గజపతి రాజు. తెలుగు సాహిత్య చరిత్రలో ఆయన పేరు గురజాడ అప్పారావు పేరుతో విడదీయరానిది. విజయనగరంలో 1892లో ప్రదర్శితమై 1897లో ముద్రితమైన ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు ఆయనకే అంకితం. గురజాడ కృషికి ఊతమిచ్చిన ప్రభువే అంతకు దాదాపు పదేళ్ల ముందు చెన్నపట్టణ పురమందిరానికి పునాదిరాయి వేశారు. ఈ రెండు సంఘటనలనూ ఒకచోట చేర్చి చూస్తే, ఆనాటి సంస్థాన పోషణ స్వభావంలోని ఒక మార్పు తెలుస్తుంది. పూర్వపు ప్రభువు తన ఆస్థానంలో కవిని, నటుని, గాయకుని పోషించేవాడు. ఆ ప్రదర్శనకు ఆస్థానమే రంగం, ప్రభువే ప్రథమ ప్రేక్షకుడు. 1883 నాటి చర్యలో ప్రభువు చందాదారుల్లో ఒకడు. ఆయన సొమ్ముతో లేచిన మందిరంలో ఆయనకు మొదటి ఆసనం లభించవచ్చు గాని, ఎవరు మాట్లాడాలో, ఏ నాటకం ఆడాలో నిర్ణయించే అధికారం లభించదు. ఆస్థాన పోషణ నుంచి పౌర పోషణకు జరిగిన ఈ పరిణామం సమాజ నాటకాలకు అవసరమైన పూర్వరంగం.

స్థల విషయంలోనూ ఇదే లక్షణం కనిపిస్తుంది. గవర్నర్ చార్లెస్ ట్రెవెల్యన్ కాలంలో రూపుదిద్దుకున్న పీపుల్స్ పార్కులో 3.14 ఎకరాలు, అంటే సుమారు 57 గ్రౌండ్ల భూమిని పురపాలక సంఘం 1886లో 99 ఏళ్ల కౌలుకు నామమాత్రపు అద్దెపై ఇచ్చింది. నేల పురపాలక సంఘానిది, కట్టడపు ఖర్చు చందాదారులది, నిర్వహణ ట్రస్టుది. నిర్మాణం 1890 నాటికి పూర్తయింది. విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవ స్మారకంగా దానికి ఆమె పేరు పెట్టారు. పేరు సామ్రాజ్యానిదైనా సొమ్ము స్వదేశీయులది. ఈ వైరుధ్యం ఆనాటి పౌర సంస్థలన్నిటిలోనూ కనిపించేదే.

వాస్తు స్వరూపం

భవన రూపకర్త రాబర్ట్ ఫెలోస్ చిజం. మద్రాసు ప్రభుత్వ వాస్తుశిల్పిగా ఆయన ప్రెసిడెన్సీ కళాశాల, విశ్వవిద్యాలయ సెనేట్ భవనం, తిరువనంతపురంలోని నేపియర్ మ్యూజియం మొదలైన వాటికి రూపకల్పన చేశారు. ఐరోపా నిర్మాణ పద్ధతిలో భారతీయ, ఇస్లామీయ అలంకరణలను మేళవించే ఇండో-సారసెనిక్ శైలికి దక్షిణదేశంలో ఆయన ఆద్యుల్లో ఒకరు. స్థానిక శిల్పుల పనితనాన్ని గమనించి దానికి తన కట్టడాల్లో చోటివ్వడం ఆయన ప్రత్యేకత.

నిర్మాణ బాధ్యత వహించినవారు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. మద్రాసు హైకోర్టు, కన్నెమరా గ్రంథాలయం వంటి ప్రసిద్ధ భవనాలను కట్టిన గుత్తేదారు ఆయనే. ఇంటిపేరే ఆయన తెలుగు మూలాన్ని చెబుతుంది. తరతరాలుగా చెన్నపట్టణంలో స్థిరపడి, వర్తక వ్యవహారాల్లో పేరు పొందిన తెలుగు వైశ్య కుటుంబాల చరిత్రలో ఈ భవనం కూడా ఒక భాగం.

హాలు దీర్ఘచతురస్రాకారంలో రెండు అంతస్తులుగా ఎర్ర ఇటుకతో, సున్నపు పనితో నిర్మితమైంది. ఉత్తర, దక్షిణ పార్శ్వాల్లో కమానుల వరండాలున్నాయి. వాటిని సన్నని కొరింథియన్ తరహా స్తంభాలు మోస్తాయి. కప్పు అంచున సాగే కాల్చిన మట్టి అలంకరణ పట్టీ ఇస్లామీయ లిపి విన్యాసాన్ని తలపిస్తుంది. భవనానికి ఆనుకుని పైకి లేచిన చతురస్రాకారపు బురుజు మీద పిరమిడ్ ఆకారపు కప్పు తిరువాన్కూరు పద్ధతిలో ఉంటుంది. నేపియర్ మ్యూజియం నిర్మాణ సందర్భంలో కేరళ దారు వాస్తుతో చిజంకు ఏర్పడిన పరిచయం ఇక్కడ మరోసారి ప్రయోజనపడినట్లు భావించవచ్చు.

ఈ అలంకరణ వైవిధ్యం కంటే నాటకరంగ విద్యార్థికి ముఖ్యమైనది లోపలి అమరిక. కింది అంతస్తులోనూ పై అంతస్తులోనూ ఒక్కొక్క విశాలమైన సభాశాల ఉంది. ఒక్కొక్క దానిలో సుమారు 600 మంది కూర్చోవచ్చు. తూర్పు వైపున ఉన్న కొయ్య గ్యాలరీలో మరో 200 మందికి పైగా చోటుంది. ఇది ఉపన్యాసానికి అనువైన నిర్మాణం. ఒక చివర వక్త, ఎదుట శ్రోతలు, రెండు పక్కల గాలి వెలుతురులనిచ్చే వరండాలు. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానంద తన కార్యప్రణాళికను గురించి ప్రసంగించింది ఈ హాలులోనే.

తెరలు, నేపథ్య గృహం, పాత్రల ప్రవేశ నిష్క్రమణలు కోరే నాటకం ఇటువంటి చోటికి తరువాత వచ్చి సర్దుకుంది. ఈ విషయంలో విక్టోరియా పబ్లిక్ హాలు మనదేశంలోని అనేక టౌన్ హాళ్లకు ప్రతినిధి. వందేళ్ల పాటు తెలుగు నాటకాలు ఎక్కువగా ఆడింది నాటకశాలల్లో కాదు, సభాశాలల్లో.

పాక నుంచి మందిరానికి

ఈ మార్పు ప్రాధాన్యం అర్థం కావాలంటే అంతకు పూర్వపు ప్రదర్శన స్థలాలను స్మరించుకోవాలి. వీధినాటకానికీ యక్షగానానికీ ఊరి నడిబొడ్డు, దేవాలయ ప్రాంగణం, కోతలైన పొలం రంగస్థలాలు. ప్రేక్షకులు మూడు వైపులా కూర్చుంటారు. రాత్రంతా వస్తూ పోతూ ఉంటారు. నటుడు గొంతెత్తి పాడాలి, పెద్ద అడుగుతో ఆడాలి, కథను మళ్లీ మళ్లీ అందుకోవాలి. కాగడా వెలుగు నాటి ఆహార్యం, ముఖానికి పూసే అర్దళం, భుజకీర్తులు, కిరీటాలు దూరాన్ని జయించడానికి ఏర్పడిన సాధనాలు.

1880లో ధార్వాడ నాటక సమాజం ఆంధ్రదేశంలో పర్యటించి హిందీ నాటకాలు ప్రదర్శించింది. రంగురంగుల తెరలతో, పాకలు వేసి ఆడిన ఈ ప్రదర్శనలు విద్యావంతులను ఆకర్షించాయి. అదే సంవత్సరం కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో విద్యార్థుల చేత నాటకాలు ఆడించారు. ధార్వాడ వారు విడిచివెళ్లిన పాకనే ఆ ప్రదర్శనకు ఉపయోగించుకున్నారని నాటక చరిత్రకారులు చెబుతారు. అంటే ఆధునిక తెలుగు నాటకం పుట్టింది ఒక తాత్కాలిక నిర్మాణంలో. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలు ఈ తాత్కాలికతనే తమ జీవన విధానంగా మలచుకున్నాయి. హాలును, తెరలను, సంసారాన్ని ఒకే బండ్ల వరుసలో తరలించుకుంటూ ఊరూరా తిరిగాయి.

వీరేశలింగం 1890లో రాజమహేంద్రవరంలో పురమందిరం కట్టించారు. విక్టోరియా పబ్లిక్ హాలు పూర్తయిన కాలం కూడా అదే. ఈ రెండింటినీ పోల్చినప్పుడు ఒక సామ్యమూ ఒక భేదమూ కనిపిస్తాయి. రెండూ పౌర చర్చకు స్థిరమైన చోటు కల్పించాలన్న ఆశయంతో వచ్చినవే. అయితే రాజమహేంద్రవర మందిరం ఒక సంస్కర్త స్వార్జిత ద్రవ్యంతో, ఆయన ఉద్యమ కేంద్రంగా వెలసింది. చెన్నపట్టణ మందిరం ఏ ఒక్క ఉద్యమానికీ, ఏ ఒక్క భాషకూ చెందినది కాదు. అద్దె చెల్లించగల ఏ సమాజానికైనా అది అందుబాటులో ఉండేది. ఈ తటస్థతే తరువాత జరిగిన భాషాంతర ఆదాన ప్రదానాలకు అవకాశమిచ్చింది.

బళ్ళారి, చెన్నపట్టణం, సుగుణ విలాస సభ

ఆధునిక తెలుగు నాటకానికి తొలి బలమైన కేంద్రాల్లో బళ్ళారి ఒకటి. ‘ఆంధ్ర నాటక పితామహుడు’గా ప్రసిద్ధుడైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు న్యాయవాది. 1880ల ద్వితీయార్ధంలో సరసవినోదిని సభను స్థాపించి స్వీయ నాటకాలను ప్రదర్శించారు. ‘చిత్రనళీయము’తో ఆయన నాటకకర్తగా, నటుడుగా ఖ్యాతి పొందారు. ‘విషాద సారంగధర’తో తెలుగు రంగస్థలం మీద విషాదాంత నాటకానికి మార్గం వేశారు. అదే పట్టణంలో కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ ద్వారా చారిత్రక నాటకానికి ప్రాచుర్యం కల్పించారు. ఇద్దరూ న్యాయవాద వృత్తికి చెందినవారే కావడం ఆనాటి సమాజ నాటకాల సాంఘిక స్వభావాన్ని సూచిస్తుంది. నటన జీవనోపాధి కాని విద్యావంతులు నటులు కావడం అప్పటికి కొత్త.

1891లో సరసవినోదిని సభ చెన్నపట్టణం వచ్చి తెలుగు నాటకాలు ప్రదర్శించింది. ఆ ప్రదర్శనలను చూసిన తమిళ యువకుడు పమ్మల్ సంబంధ మొదలియారు. అప్పటివరకు తమిళ నాటక ప్రదర్శనల పట్ల తనకు చిన్నచూపు ఉండేదనీ, గౌరవనీయులైన విద్యావంతులు రంగస్థలం మీద నటించడం చూశాక తన అభిప్రాయం మారిందనీ ఆయన తన స్మృతుల్లో స్పష్టంగా చెప్పుకున్నారు. 1891 జూలై 1న, పద్దెనిమిదేళ్ల వయసులో, మిత్రులతో కలిసి సుగుణ విలాస సభను స్థాపించారు. ఆధునిక తమిళ నాటక చరిత్రలో ఈ సభది ఆద్యస్థానం. దాని ప్రదర్శనలకు దశాబ్దాల పాటు ప్రధాన వేదిక విక్టోరియా పబ్లిక్ హాలే. 1930లలో మౌంట్ రోడ్డుకు తరలిపోయే వరకు సభ కార్యకలాపాలు ఈ భవనంతో ముడిపడి సాగాయి.

ఈ ఘట్టాన్ని తెలుగు నాటక చరిత్రలో సాధారణంగా ధర్మవరం వారి కీర్తికి నిదర్శనంగా ప్రస్తావిస్తారు. దీని ప్రాముఖ్యం అంతటితో ఆగదు. సుగుణ విలాస సభ తమిళానికే పరిమితం కాలేదు. తెలుగు, కన్నడం, సంస్కృతం, ఇంగ్లీషు నాటకాలను కూడా ప్రదర్శించింది. తెలుగు శాఖలో నటించినవారిలో బళ్ళారి రాఘవ ప్రముఖులు. ధర్మవరం వారి మేనల్లుడైన రాఘవ (1880–1946) న్యాయశాస్త్ర విద్యకు చెన్నపట్టణం వచ్చినవారు. మేనమామ సమాజం ఒక తమిళ యువకునికిచ్చిన ప్రేరణతో పుట్టిన సభ, మేనల్లునికి చెన్నపట్టణంలో రంగస్థలమైంది. తెలుగు నుంచి తమిళానికి వెళ్లిన ప్రేరణ మరల తెలుగు నటుని వద్దకు చేరిన ఈ వలయం ఒక బహుభాషా సభలో, దాని వేదికయిన బహుభాషా భవనంలో పూర్తయింది.

బళ్ళారి సమాజమే ముందుగా చెన్నపట్టణం చేరడంలో రవాణా వ్యవస్థ పాత్రను గమనించాలి. మద్రాసు రైల్వే వాయవ్య మార్గం 1871 నాటికే రాయచూరు వరకు సాగి దత్తమండలాన్ని చెన్నపట్టణంతో కలిపింది. కోస్తా జిల్లాలను చెన్నపట్టణంతో కలిపే బెజవాడ మార్గం పూర్తయింది 1899లో. 1873లో నిర్మితమైన సెంట్రల్ స్టేషను విక్టోరియా పబ్లిక్ హాలుకు కూతవేటు దూరంలో ఉంది. తెరలు, ఆహార్య పెట్టెలు, వాద్యాలతో దిగిన సమాజానికి స్టేషను పక్కనే హాలు ఉండడం సామాన్య సౌకర్యం కాదు. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ ఆడిన జగన్నాథ విలాసినీ సభకు అటువంటి మార్గం అప్పటికి లేదు. పోషకుడైన ప్రభువు శంకుస్థాపన చేసిన హాలు చెన్నపట్టణంలో ఉన్నా, ఆయన ఊరి నాటకానికి ఆ హాలు దూరమే. తెలుగు నాటకం చెన్నపట్టణంలో తొలి గుర్తింపును ఏ ప్రాంతపు రచనల ద్వారా పొందిందన్న ప్రశ్నకు కృతుల గుణంతో పాటు రైలు పట్టాలు కూడా కొంత సమాధానం చెబుతాయి.

స్థలం, ప్రదర్శన పద్ధతి

నాలుగు గోడల మధ్య, ఒకే వైపున కూర్చున్న 600 మంది ఎదుట నటించడం నటునిపై కొత్త నియమాలు విధిస్తుంది. మొదటిది దృష్టికోణం. వీధినాటకంలో మూడు వైపులకూ తిరిగి ఆడే నటుడు ఇక్కడ ఒకే దిక్కును ఉద్దేశించి నిలబడతాడు. తెర లేవడం, పడడం అనే క్రియతో అంకవిభజనకు, రంగవిభజనకు ప్రత్యక్ష రూపం ఏర్పడుతుంది. ధర్మవరం వారు అంకాలను రంగాలుగా విభజించడం పాశ్చాత్య నాటక పఠన ప్రభావమని విమర్శకులు నిర్ణయించారు. అది సత్యమే. అయితే ఆ విభజన కాగితం మీద కాక రంగస్థలం మీద సార్థకం కావడానికి తెర కట్టగల చోటు అవసరమన్నది కూడా అంతే సత్యం.

రెండోది ధ్వని. ధ్వనివర్ధకాలు లేని ఆ కాలంలో నటుని కంఠమే ప్రమాణం. బహిరంగ ప్రదేశంలో రాగాలాపన కేవలం అలంకారం కాదు. మాటను దూరానికి చేర్చే వాహనం. పరిమితమైన శాలలో వచనం వినబడుతుంది, చిన్న స్వరభేదం కూడా అందుతుంది. రాఘవ పద్యాన్ని రాగం తీసి సాగదీయడాన్ని కాదని భావానుగుణమైన పఠనానికి, ముఖాభినయానికి, మౌనానికి ప్రాధాన్యమిచ్చిన నటుడిగా ప్రసిద్ధుడు. ఈ పద్ధతికి ఆయన ప్రతిభ, అధ్యయనం ప్రధాన కారణాలు. అటువంటి నటన ప్రేక్షకుని చేరడానికి అనువైన దూరాన్ని సభాశాల కల్పించింది. మండపం మితంగా ఉండాలన్న భరతుని నియమం ఈ సందర్భంలో ఎంత ప్రయోగాత్మకమైనదో స్పష్టమవుతుంది.

మూడోది ప్రేక్షకుడు. టిక్కెట్టు కొని, కేటాయించిన తరగతిలో కూర్చుని, నాటకం ముగిసేవరకు నిశ్శబ్దంగా చూడడం ఒక కొత్త అభ్యాసం. నిన్న ఇదే శాలలో రాజకీయోపన్యాసం, మతప్రసంగం విన్నవాడు ఈరోజు నాటకం చూస్తున్నాడు. అదే చెవితో, అదే మర్యాదతో చూస్తున్నాడు. నాటకాన్ని గౌరవనీయమైన కార్యంగా నిలబెట్టాలన్న సమాజ నాటకకర్తల ఆశయానికి ఈ పొరుగు బాగా ఉపకరించింది. దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. వీధినాటకానికి తలుపు లేదు, సభాశాలకు ఉంది. టిక్కెట్టు కొనలేనివాడు, ఆ మర్యాద తెలియనివాడు తలుపు బయటే ఉండిపోయాడు. ఆధునిక నాటకం గౌరవాన్ని సంపాదించిన చోటే గ్రామీణ ప్రేక్షకుని కొంత పోగొట్టుకుంది. వేదం వేంకటరాయశాస్త్రి ‘ప్రతాపరుద్రీయము’ (1897)లో పామర పాత్రలకు వారి వ్యవహార భాషనే వాడి పాత్రోచిత భాషావాదానికి రూపమిచ్చారు. పామరుని భాష వేదిక మీదికి వస్తున్న కాలంలోనే పామర ప్రేక్షకుడు శాల బయట నిలిచాడన్నది ఆనాటి నాటకరంగంలోని ఒక అంతర్వైరుధ్యం.

చలనచిత్ర ఘట్టం

సభాశాల అన్ని రకాల ప్రదర్శనలకూ తలుపు తెరిచింది కాబట్టే చెన్నపట్టణంలో తొలి చలనచిత్ర ప్రదర్శనలు కూడా 1896–97 ప్రాంతంలో ఇక్కడే జరిగాయి. తరువాత పదేళ్లకు పైగా గడిచాక, తెలుగు చలనచిత్ర పితామహుడుగా పేరొందిన రఘుపతి వెంకయ్య (1869–1941) క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని కొనుగోలు చేసి విక్టోరియా పబ్లిక్ హాలులో చిత్రప్రదర్శనలిచ్చారు. ఛాయాగ్రాహకుడుగా జీవితం ప్రారంభించిన ఆయన ఆ యంత్రంతో సింహళం, బర్మా దేశాలు కూడా తిరిగి, చెన్నపట్టణంలో గెయిటీ థియేటరును నిర్మించారు. 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’తో ఆ కుటుంబం చిత్ర నిర్మాణంలోకి ప్రవేశించింది.

సభాశాలకు, చిత్రశాలకు గల సంబంధం ఇక్కడ వ్యక్తమవుతుంది. చీకటిలో ఒకే వైపు చూస్తూ నిశ్శబ్దంగా కూర్చునే అభ్యాసాన్ని సభాశాల ముందే నేర్పింది. చిత్రశాల ఆ ప్రేక్షకుని యథాతథంగా స్వీకరించింది. నాటకాన్ని ఇముడ్చుకున్న హాలే నాటకానికి ప్రత్యర్థి కాగల కళకు తొలి ఆశ్రయమైంది.

తరువాతి కాలం

ఇరవయ్యో శతాబ్దిలో నగరం భవనం చుట్టూ మారిపోయింది. 1900లో మూర్ మార్కెట్, 1913లో పురపాలక సంఘ కార్యాలయమైన రిప్పన్ భవనం దాని పొరుగున వెలిశాయి. సుగుణ విలాస సభ తరలిపోయాక, చిత్రశాలలు, కొత్త సభాభవనాలు పెరిగాక హాలు క్రమంగా ప్రాభవం కోల్పోయింది. 1985లో కౌలు గడువు ముగిసింది. ఆ సంవత్సరమే మూర్ మార్కెట్ అగ్నికి ఆహుతైంది. స్థలం పురపాలక సంఘానిది, కట్టడం ట్రస్టుది అన్న పూర్వపు ఏర్పాటు వ్యాజ్యాలకు దారితీసింది. ఒకనాడు ఏ ఒక్కరిదీ కాకపోవడం వల్ల అందరిదీ అయిన భవనం, అదే కారణం చేత చాలాకాలం ఎవరూ పట్టించుకోనిదైంది. చివరకు నగరపాలక సంస్థ దాన్ని స్వాధీనం చేసుకుని, దీర్ఘకాలం మూసి ఉన్న భవనానికి విస్తృతమైన పునరుద్ధరణ పనులు చేపట్టింది.

భవనం కంటే వేగంగా మరుగున పడింది దాని తెలుగు జ్ఞాపకం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చెన్నపట్టణం మద్రాసు రాష్ట్రంలో నిలిచింది. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. తెలుగు నాటకం తొలి దశలో పెరిగిన రెండు ముఖ్య స్థలాలూ ఒకేసారి తెలుగు రాష్ట్ర సరిహద్దు అవతలికి వెళ్లాయి. గ్రంథాలూ నటుల కీర్తీ సరిహద్దు దాటి రాగలవు, భవనాలు రాలేవు. భాషారాష్ట్రాల చట్రంలో రాసిన సాహిత్య చరిత్రల్లో రాజమహేంద్రవరం, విజయనగరం వంటి స్థలాలు సజీవంగా నిలిచి, చెన్నపట్టణపు హాలు ఒక ప్రస్తావనగా మిగలడానికి ఇది ముఖ్య కారణం. తమిళ నాటక చరిత్రలో అదే హాలు సుగుణ విలాస సభ వేదికగా ప్రసిద్ధం. నగర చరిత్రకారులకు అది చిజం కట్టడం. ఒకే భవనానికి మూడు చరిత్రలు విడివిడిగా సాగుతున్నాయి.

ముగింపు

విక్టోరియా పబ్లిక్ హాలు చరిత్రను పరిశీలించడం వల్ల తెలుగు నాటక చరిత్ర రచనకు సంబంధించి కొన్ని నిర్ణయాలకు రావచ్చు. ఆనంద గజపతి శంకుస్థాపన, ఆస్థాన పోషణ పౌర పోషణగా పరిణమించిన క్రమానికి ‘కన్యాశుల్కం’ అంకితంతో సమానమైన సాక్ష్యం. సరసవినోదిని సభ, సుగుణ విలాస సభ, బళ్ళారి రాఘవల మధ్య గల సంబంధం ఏకముఖ ప్రభావం కాదు; తటస్థమైన పౌర స్థలంలో జరిగిన పరస్పర వినిమయం. తెలుగు నాటకంలో రంగవిభజన, వచన ప్రాధాన్యం, సంయమనంతో కూడిన అభినయం వంటి లక్షణాలను గ్రంథ ప్రభావాలతో పాటు సభాశాల పరిమాణంతో, అమరికతో కూడా అన్వయించి చూడాలి. నాటకం సంపాదించిన గౌరవాన్ని చెప్పేటప్పుడు తలుపు బయట మిగిలిన ప్రేక్షకుని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రాజమహేంద్రవరం, బళ్ళారి, విజయనగరం మొదలైన పట్టణాల్లో నాటకాలు ఆడిన మందిరాలను ఇదే పద్ధతిలో, నేల ఎవరిది, సొమ్ము ఎవరిది, వేదిక ఎంత, ఆసనాలెన్ని, మార్గమేది అన్న ప్రశ్నలతో అధ్యయనం చేయవలసి ఉంది. నాటక కృతుల పాఠ పరిష్కరణకు ఇచ్చిన శ్రద్ధలో కొంతైనా నాటక స్థలాల నమోదుకు ఇవ్వాలి. పాఠానికి మరో ప్రతి దొరకవచ్చు. కూలిన గోడకు ప్రతి ఉండదు. విక్టోరియా పబ్లిక్ హాలు నేటికీ నిలిచి ఉంది. దాని మూడు చరిత్రలను కలిపి చదవగలిగే అవకాశమూ, ఆ బాధ్యతా తమిళ, తెలుగు పరిశోధకులిద్దరివీ.